గంటలు మోగిన తరువాత

2019 మే 13, సోమవారం. ఉదయం ఆరున్నర గంటలు. అమెరికా తూర్పు తీరంలో అప్పటికింకా ఆదివారం రాత్రి తొమ్మిది గంటలే. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అనే టెలివిజన్ ధారావాహికలో చివరి భాగానికి ముందుభాగం అక్కడ ఆరంభమైన క్షణంలోనే భారతదేశంలోనూ హాట్‌స్టార్ ద్వారా ప్రేక్షకుల ముందుకు వచ్చింది. కార్యాలయాలకు బయలుదేరవలసినవారు, కళాశాలలకు వెళ్ళవలసినవారు ఆ ఉదయం పనులన్నీ పక్కన పెట్టి తెరముందు కూర్చున్నారు. సాయంకాలం దాకా ఆగితే ఎవరో ఒకరు కథ చెప్పివేస్తారనే భయం వారిది.

ఆ భాగం పేరు 'ద బెల్స్', అనగా గంటలు. శత్రురాణి సెర్సీ ఏలుబడిలో ఉన్న కింగ్స్ లాండింగ్ నగరాన్ని కథానాయిక డెనేరిస్ టార్గేరియన్ ముట్టడించింది. ఆమె వాహనం నిప్పులు కక్కే మహాసర్పం. నగరం లొంగిపోయినట్లు గంటలు మోగితే దాడిని నిలిపివేయవలసిందని మంత్రి టిరియన్ ఆమెను ముందుగానే వేడుకొన్నాడు. యుద్ధం ఎంతోసేపు సాగలేదు. కోట గోడలు కూలాయి. సెర్సీ సైనికులు కత్తులు నేల పడవేశారు. గంటలు మోగాయి.

గెలుపు చేతికి వచ్చింది. ఇక చేయవలసినదేమీ లేదు. కాని కోటగోడపై మహాసర్పం మీద కూర్చున్న డెనేరిస్, దూరాన ఉన్న రాజప్రాసాదాన్ని చూసింది. ఆమె ముఖంలో ఏదో కదలిక. మరుక్షణంలో సర్పం రెక్కలు విప్పింది. లొంగిపోయిన నగరంలో వీధి తరువాత వీధి, తల్లులతో, పసిబిడ్డలతో సహా కాలిపోయింది.

ఎనిమిదేళ్ళుగా ఆమెను బానిసల విమోచకురాలిగా ప్రేమించిన ప్రేక్షకులు నిర్విణ్ణులయ్యారు. కొద్దిసేపటికే ఆ నిశ్చేష్టత కోపంగా మారింది. ఒక కల్పిత పాత్ర దారి తప్పినందుకు అన్ని దేశాలలో అంతమంది ఒకేసారి బాధపడడం అరుదైన విషయం. ఆ కోపంలో న్యాయమెంత? దానికి అసలు కారణం ఏది?

అమ్మ అని పిలిపించుకొన్న రాణి

ఈ కథకు మూలం అమెరికన్ రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రచించిన నవలా పరంపర. తొలి నవల 1996లో వెలువడింది. దాని ఆధారంగా హెచ్‌బీఓ సంస్థ నిర్మించిన ధారావాహిక 2011 ఏప్రిల్ 17న ప్రారంభమై 2019 మే 19న ముగిసింది. మొత్తం 8 పర్వాలు, 73 భాగాలు. నిర్మాణ సారథులు డేవిడ్ బెనియాఫ్, డి. బి. వైస్.

వెస్టెరోస్ అనే ఊహాభూఖండంలో సింహాసనం కోసం కొన్ని వంశాలు సాగించే పోరాటమే ఇతివృత్తం. మంత్రాలు, మహాసర్పాలు ఉన్న అద్భుతగాథే అయినా, అందులోని మనుషుల లోభమోహాలు నిజజీవితానికి సన్నిహితంగా ఉండడమే దాని ఆకర్షణ. ధర్మపరుడైన నాయకుడు నెడ్ స్టార్క్ తొలి పర్వంలోనే శిరచ్ఛేదానికి గురి అవుతాడు. మంచివాడు కనుక బ్రతుకుతాడనే ధీమా ఆ కథలో ఎవరికీ లేదు. అటువంటి కథలో ప్రేక్షకులు గట్టిగా పట్టుకొన్న కొద్ది పాత్రలలో డెనేరిస్ ఒకటి.

రాజ్యభ్రష్టుడైన 'పిచ్చిరాజు' కుమార్తె ఆమె. పుట్టుకతోనే ప్రవాసి. సైన్యం సంపాదించాలనే ఆశతో సొంత అన్నే ఆమెను ఒక సంచార తెగ నాయకుడికి కట్టబెట్టాడు. భర్త మరణించాక ఆమె అతని చితిలోకి మూడు సర్పాండాలతో నడిచి వెళ్ళి, తెల్లవారేసరికి మూడు సర్పశిశువులతో సజీవంగా కనిపించింది. తరువాత బానిస వ్యాపారానికి నెలవైన నగరాలను ఒక్కొక్కటిగా జయించింది. సంకెళ్ళు తెగిన జనం ఆమెను చేతులపై ఎత్తుకొని తమ భాషలో అమ్మా అని పిలిచిన దృశ్యంతో మూడవ పర్వం ముగిసింది.

ఆ దృశ్యాలు చూసినవారిలో కొందరు తమ బిడ్డలకు ఆమె బిరుదాన్ని పేరుగా పెట్టుకొన్నారు. 'ఖలీసీ' అంటే ఆ సంచార తెగ నాయకుడి భార్య, రాణి అని అర్థం. కథ కోసం నిర్మించిన భాషలోని పదం అది. ఆ భాషను ధారావాహిక కోసం విస్తరించి వ్యాకరణం కూర్చినవాడు డేవిడ్ పీటర్సన్ అనే భాషాశాస్త్రజ్ఞుడు. 2018 ఒక్క సంవత్సరంలోనే అమెరికాలో 560 మంది ఆడశిశువులకు ఖలీసీ అని పేరు పెట్టినట్లు అక్కడి ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. అణగదొక్కబడి, స్వశక్తితో లేచి, ఇతరులను లేవనెత్తిన స్త్రీ పేరు తమ కుమార్తెకు ఉండాలని ఆ తల్లిదండ్రులు కోరుకొన్నారు. మరుసటి యేటి మే నెలలో ఆ పేరుగల స్త్రీయే పసిబిడ్డలున్న నగరాన్ని తగులబెట్టింది. కథ ముగిసినా బిడ్డ పేరు ముగియదు. పెద్దదై ఆ అమ్మాయి తన పేరుకు అర్థం అడిగిననాడు ఏ పర్వం దగ్గర కథ ఆపాలో ఆ తల్లి నిర్ణయించుకోవలసిందే.

అర్జీలు, ఆగ్రహాలు

చివరి పర్వాన్ని సమర్థులైన రచయితలతో మళ్ళీ నిర్మించాలని కోరుతూ ఒక అభిమాని ప్రారంభించిన విన్నపంపై మే మూడవ వారానికే 10 లక్షల మంది సంతకాలు చేశారు. ఆ సంఖ్య అటుపిమ్మట 18 లక్షలు దాటింది. అప్పటికే నిర్మాణమై ప్రసారమైన కథను తిరిగి తీయాలని కోరడం నెరవేరే కోరిక కాదని సంతకం చేసినవారికీ తెలుసు. అది అర్జీ రూపంలో ఉన్న నిరసన మాత్రమే.

మరోవైపు ఆ పర్వం నిర్మించినవారి శ్రమ తక్కువది కాదు. అందులోని ఒక్క యుద్ధఘట్టం కోసమే ఉత్తర ఐర్లండ్ చలిలో 55 రాత్రుల పాటు చిత్రీకరణ జరిగింది. సాన్సా పాత్ర ధరించిన సోఫీ టర్నర్, ఇటువంటి అర్జీలు వందలాది మంది శ్రమను అగౌరవపరచడమేనని అన్నారు. ఆ ఏడాది ఎమ్మీ పురస్కారాలకు ఆ పర్వం 32 ప్రతిపాదనలు పొందింది. ఒక పర్వానికి అన్ని ప్రతిపాదనలు రావడం అంతవరకు ఎన్నడూ జరగలేదు. ఉత్తమ ధారావాహికతో సహా 12 బహుమతులు దానికి లభించాయి. ప్రేక్షకుల తీర్పు ఒకటి, పురస్కార సంఘం తీర్పు మరొకటి అయినాయి.

అయితే ఈ ఆగ్రహంలో గమనించదగిన విశేషం ఒకటి ఉంది. డెనేరిస్ పాత్ర ధరించిన ఎమిలియా క్లార్క్ పట్ల అభిమానులకు కోపం రాలేదు. చివరి పర్వం ప్రతి చదివిన రోజున ఆమె కూడా కన్నీరు పెట్టుకొని, ఇల్లు విడిచి గంటల తరబడి వీధులలో నడిచారట. ఆ సంగతి ఆమే ఒక సంభాషణలో వెల్లడించారు. ఈ ధారావాహికలో నటిస్తున్న తొలి సంవత్సరాలలోనే ఆమెకు రెండుసార్లు మెదడులో రక్తస్రావం కలిగింది. చాలాకాలం గోప్యంగా ఉంచిన ఆ విషయాన్ని 2019 మార్చిలో ఆమె స్వయంగా రాసి ప్రకటించారు. మెదడు గాయాల నుంచి కోలుకొనేవారి కోసం ఆమె 'సేమ్‌యూ' అనే ధర్మసంస్థను స్థాపించారు. ముగింపును అందరికంటె తీవ్రంగా ఎగతాళి చేసిన అభిమానులే ఆ మే నెలలో చందాలు పోగుచేసి ఆ సంస్థకు పంపారు. పాత్రకు జరిగిన అన్యాయంలో నటికి భాగం లేదని వారు వేరుచేసి చూడగలిగారు. కోపంలో కూడా ఆ మాత్రం వివేకం ఉన్నవారి మాటను వట్టి అల్లరిగా తోసివేయడానికి వీలులేదు.

నిజంగా హఠాత్పరిణామమా?

ముగింపును సమర్థించేవారి వాదానికీ బలం ఉంది. డెనేరిస్ ఆ రోజున కొత్తగా క్రూరురాలు కాలేదని వారంటారు. వెనకకు తిరిగి చూస్తే నిప్పు ఆమె వెంట మొదటినుంచీ ఉంది.

తొలి పర్వంలో అన్న తలపై కరిగిన బంగారం పోసి చంపుతుంటే ఆమె చలించక చూసింది. భర్త చితిలో తనకు ద్రోహం చేసిన మంత్రగత్తెను సజీవంగా కాల్పించింది. మూడవ పర్వంలో ఒక మహాసర్పాన్ని బదులిస్తానని నమ్మించి 8,000 మంది బానిససైనికులను కొని, బేరం పూర్తయిన వెంటనే అదే సర్పంచేత వర్తకుణ్ణి దహింపజేసింది. నాలుగవ పర్వంలో మెరీన్ నగరం వారు ఆమె వచ్చే దారి పొడుగునా 163 మంది బానిసబిడ్డలను కొయ్యలకు కొట్టి చంపారు. నగరం జయించాక ఆమె కూడా 163 మంది యజమానులను అదే విధంగా చంపించింది. వారిలో ఎవరు అపరాధులో, ఎవరు కారో విచారణ జరగలేదు. బిడ్డల వధను ఎదిరించి మాట్లాడినవాడు కూడా వారిలో ఉన్నాడని, అతని కుమారుడు వచ్చి శవాన్ని ఇప్పించమని వేడుకొన్నప్పుడు తెలుస్తుంది. ఏడవ పర్వంలో మోకరిల్లడానికి నిరాకరించిన తండ్రీకొడుకులను ఆమె దహింపజేసింది.

ఈ దహనాలలో చాలావాటికి ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. కాలినవారు దుర్మార్గులు, కాల్చినది అభిమాన నాయిక. సంగీతం కూడా విజయగీతంలా వినిపించింది. ఈ సంగతిని చివరి భాగంలో కథే ఒప్పుకొంటుంది. దుష్టులు ఆమె చేతిలో చస్తున్నంతకాలం అందరం మెచ్చుకొన్నాము, ఆ మెప్పుతో ఆమెకు తాను చేసేదంతా ధర్మమేననే నమ్మకం పెరిగింది అనే భావం వచ్చేలా చెరలో ఉన్న టిరియన్ మాట్లాడతాడు. ఆ మాట తెరలోని పాత్రతో అన్నదే అయినా తెర ఇవతల ఉన్నవారికీ తగులుతుంది. అభిమానుల కోపంలో కొంత తమపై తమకు కలిగిన కోపం ఉండడం అసంభవం కాదు. ధర్మం పేరుతో శిక్షించేవారిని పొగిడే జనం, ఆ శిక్ష హద్దు దాటిన తరువాత ఆశ్చర్యపోవడం కల్పిత రాజ్యాలలో మాత్రమే జరిగేది కాదు.

అయినప్పటికీ ఈ సమర్థన పూర్తిగా సరిపోదు. అంతవరకు ఆమె కాల్చినవారు శత్రువులో, ద్రోహులో, ధిక్కరించినవారో. మెరీన్‌లో తన సర్పం ఒక పసిపాపను కాల్చి చంపిందని తెలిసిన రోజున ఆమె కన్నీటితో మిగిలిన రెండు సర్పాలను స్వయంగా గొలుసులతో కట్టివేసింది. ఒక్క పసిబిడ్డ మరణానికి అంతగా కదిలిన హృదయం, వేలాది పసిబిడ్డలున్న నగరం మీదికి ఎలా వెళ్ళగలిగింది? అడిగినవారి ప్రశ్న ఇదే. ఆమె మారకూడదని వారనలేదు. ఎలా మారిందో చూపమన్నారు. అధికారం దాకా వచ్చిన స్త్రీ దుఃఖాన్ని మతిభ్రంశంగా తేల్చివేయడం కథలలో పాత అలవాటేనని కొందరు విమర్శకురాళ్ళు చేసిన ఆక్షేపణకు కూడా ఈ ప్రశ్నే మూలం.

మూసివేసిన తలుపు

తొందరపాటే దోషమని ఎక్కువమంది తీర్మానించారు. అందుకు ఆధారం ఉంది. మొదటి ఆరు పర్వాలలో పదేసి భాగాలుండగా ఏడవదానిలో 7, ఎనిమిదవదానిలో 6 మాత్రమే ఉన్నాయి. మరిన్ని భాగాలకు హెచ్‌బీఓ సిద్ధంగానే ఉన్నా నిర్మాణ సారథులు కథను అక్కడికి ముగించాలని నిశ్చయించుకొన్నారు. ఆసరాగా నిలిచిన నవలలు కూడా అప్పటికి అయిపోయాయి. అయిదవ నవల 2011లో వెలువడిన తరువాత ఆరవది రాలేదు. ముగింపులోని ముఖ్యఘట్టాలను మార్టిన్ ముందుగా చెప్పి ఉంచినా, ఒక ఘట్టం నుంచి మరొక ఘట్టానికి నడిచే దారిని వారే వేసుకోవలసి వచ్చింది.

కాని కాలం చాలకపోవడమే దోషమా? షేక్స్పియర్ 'మాక్బెత్'ను రెండు మూడు గంటలలో ప్రదర్శించవచ్చు. రాజభక్తిగల వీరుడుగా ప్రవేశించిన మాక్బెత్ ఆ కొద్ది కాలంలోనే అతిథిగా వచ్చిన రాజును, మిత్రుణ్ణి, చివరకు ఒక శత్రువు భార్యాబిడ్డలను చంపించే స్థితికి దిగజారుతాడు. అతడు హఠాత్తుగా మారాడని నాలుగు శతాబ్దాలుగా ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కత్తి ఎత్తకముందు అతని తటపటాయింపు, ఎత్తిన తరువాత అతని భయం, భయం చచ్చిన తరువాత అతని శూన్యం, ఇవన్నీ అతని నోటనే ప్రేక్షకుడు వింటాడు. హంతకుడి మనసులోనే కూర్చుని హత్యను చూస్తాడు. అందువల్ల అసహ్యించుకొంటూనే అర్థం చేసుకొంటాడు.

'ద బెల్స్'లో జరిగినది దీనికి సరిగ్గా విరుద్ధం. డెనేరిస్ కోపానికి కారణాలు లేకపోలేదు. చిరకాల సేవకుడు జోరా యుద్ధంలో మరణించాడు. బిడ్డలుగా పెంచిన మూడు సర్పాలలో రెండు పోయాయి. ప్రాణసఖి మిస్సాండేను ఆమె కళ్ళయెదుటే శత్రువులు నరికారు. మంత్రి వేరిస్ కుట్ర పన్నాడు. ప్రియుడు జాన్ స్నో తన అన్నకొడుకేనని, సింహాసనానికి తనకంటె ముందు హక్కుదారుడని తేలింది. ఇన్ని దెబ్బలు చాలవా అంటే చాలవచ్చు. కాని ఆ దెబ్బలకు, ఆ దహనానికి మధ్య ఒక మనసు ఉన్నది. గంటలు మోగిన క్షణంలో ఆ మనసులో ఏమి జరిగిందో చూపవలసిన చోట దృశ్యం ఆమెను విడిచి నేలమీదికి దిగిపోయింది. ఆ తరువాత భాగం ముగిసేవరకు ఆమె ముఖం దగ్గరగా ఒక్కసారైనా కనబడదు. కాలిపోతున్నవారి ముఖాలే కనబడతాయి. తన వంశం పోగొట్టుకొన్న రాజప్రాసాదాన్ని చూసి ఆమె ఆ క్షణంలో యుద్ధాన్ని సొంత పగగా మార్చుకొన్నదని నిర్మాణ సారథులు ప్రసారం తరువాతి వ్యాఖ్యలో వివరించారు. కథలో ఉండవలసిన మాటను కథ బయట చెప్పవలసి వచ్చింది.

నవలకు, ధారావాహికకు గల భేదం కూడా ఇక్కడ బయటపడుతుంది. మార్టిన్ తన నవలలలో ప్రతి అధ్యాయాన్నీ ఒక పాత్ర కళ్ళతో చూపుతాడు. డెనేరిస్ అధ్యాయాలలో పాఠకుడు ఆమె భయాలను, సందేహాలను ఆమెతోపాటే అనుభవిస్తాడు. తెరకు ఆ సౌలభ్యం లేదు. నటి ముఖమే అక్కడ మనసుకు తలుపు. అవసరమైన సమయంలో ఆ తలుపు మూతపడింది.

జైమీ లానిస్టర్ పాత్రకూ ఇదే గతి పట్టింది. తొలి భాగంలోనే ఒక బాలుణ్ణి కోట పైనుంచి తోసివేసిన ఈ వీరుణ్ణి ప్రేక్షకులు ఎన్నడూ క్షమించరాదు. కాని మూడవ పర్వంలో అతడు కత్తి పట్టే చేతిని కోల్పోయి, బ్రియెన్ అనే వీరవనిత ఎదుట తన రహస్యం విప్పుతాడు. పిచ్చిరాజు నగరాన్ని జనంతో సహా తగులబెట్టమని ఆజ్ఞ ఇచ్చినందువల్లనే తాను ఆ రాజును చంపవలసి వచ్చిందంటాడు. అక్కడినుంచి ఆరేళ్ళు అతని సంస్కారాన్ని అడుగడుగునా చూసిన ప్రేక్షకుడు, చివరకు అతడు బ్రియెన్‌ను విడిచి సెర్సీ దగ్గరకు వెళ్ళిపోతే బాధపడ్డాడు. వ్యసనం మనిషిని మళ్ళీ లాగుకొనిపోవడం లోకంలో ఉన్నదే. కాని నగరంలోని జనాన్ని, వారు నిరపరాధులైనా కాకపోయినా, తాను ఎన్నడూ పట్టించుకోలేదనే అర్థంలో అతడు పలికిన మాట వేరు. ఆ జనం కోసమే జీవితమంతా రాజహంతకుడనే నింద మోసినవాడి నోట ఆ మాట ఎలా వచ్చింది? మళ్ళీ అదే ప్రశ్న, అదే మూసిన తలుపు.

దుర్వాసుని అవసరం

ఈ సమస్య భారతీయులకు కొత్తది కాదు. భారతంలోని దుష్యంతుడు, కొడుకును వెంటబెట్టుకొని సభకు వచ్చిన శకుంతలను గుర్తించి కూడా ఎరుగనని బొంకుతాడు. ఆకాశవాణి పలికిన తరువాతనే స్వీకరిస్తాడు. ఆంధ్ర భారతంలో నన్నయ చెప్పిన కథా ఇదే. ఈ కథను నాటకంగా మలచబోయిన కాళిదాసుకు చిక్కు వచ్చింది. తపోవనంలో అంతటి అనురాగం చూపిన నాయకుడు సభలో అబద్ధమాడితే ప్రేక్షకుడు ఎలా సహిస్తాడు? అందువల్ల ఆయన దుర్వాసుని శాపాన్నీ, ఉంగరాన్నీ కల్పించాడు. దుష్యంతుని ప్రవర్తన మారలేదు; నిరాకరణ అలాగే ఉంది. మారినది దాని కారణం. పైగా ఆ శాపం సంగతి శకుంతలకు తెలియదు, రాజుకు తెలియదు, ప్రేక్షకునికి తెలుసు. సభలో రాజు ఎంత కఠినంగా మాట్లాడినా ప్రేక్షకుని మనసు అతనిని విడిచిపోదు.

అనౌచిత్యాన్ని మించి రసభంగానికి వేరే కారణం లేదని తొమ్మిదవ శతాబ్దంలో కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు నిర్ణయించాడు. అంతకు పన్నెండు వందల సంవత్సరాల క్రిందట గ్రీసు దేశపు అరిస్టాటిల్ కూడా పాత్రకు పొందిక ముఖ్యమన్నాడు. నిలకడలేని మనిషిని చిత్రించదలచినా ఆ నిలకడలేమిలో ఒక పొందిక ఉండాలన్నాడు. ఈ ఇద్దరూ పాత్ర మారరాదని శాసించలేదు. మార్పు పాత్రలోనుంచే మొలవాలన్నారు. 2019 మేలో అర్జీపై సంతకం చేసినవారిలో చాలామంది ఈ ఇద్దరి పేర్లు విని ఉండకపోవచ్చు. వారడిగినది మాత్రం ఇదే.

మార్పు మంచివైపు జరిగితే ఇంత గొడవ ఉండదన్నది కూడా నిజమే. డికెన్స్ 1849-50లలో నెలనెలా వెలువరించిన 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'లో మిస్ మౌచర్ అనే మరుగుజ్జు స్త్రీ మొదట కుటిలురాలిగా తోస్తుంది. ఆ పాత్రలో తన పోలికలే ఉన్నాయని ఒక పొరుగింటి స్త్రీ నొచ్చుకొని ఉత్తరం రాయగా, డికెన్స్ పశ్చాత్తాపపడి తరువాతి భాగాలలో ఆమెను సహృదయురాలిగా మార్చివేశాడు. కథలో అతుకు కనిపిస్తూనే ఉంది. కాని ఒక మనిషి పరువు దక్కింది కనుక పాఠకులు ఆ అతుకును మన్నించారు. చెడువైపు మలుపు తిప్పే రచయితకు అంతటి మన్నన దొరకదు. అతడు ప్రతి అడుగుకూ లెక్క చెప్పవలసి ఉంటుంది.

పుస్తకం అంచులలో రాసినవి

కథకుడికి శ్రోతలు ఎంతవరకు అడ్డు చెప్పవచ్చు? 1747-48లలో శామ్యూల్ రిచర్డ్‌సన్ 'క్లారిస్సా' అనే సుదీర్ఘ నవలను సంపుటాలవారీగా వెలువరిస్తుండగా, లేడీ బ్రాడ్షా అనే పాఠకురాలు మారుపేరుతో ఆయనకు ఉత్తరాలు రాయసాగింది. దుష్టుడైన లవ్‌లేస్‌ను సంస్కరించి, క్లారిస్సాను బ్రతికించి, కథను సుఖాంతం చేయవలసిందని ఆమె బతిమాలింది, కోపగించింది, శపించింది. రిచర్డ్‌సన్ వినలేదు. క్లారిస్సా మరణించింది. లవ్‌లేస్ మారలేదు.

అయితే ఆయన ఆమె ఉత్తరాలను చెత్తబుట్టలో వేయలేదు. ప్రతిదానికీ జవాబు రాశాడు. తన కథ ఆ దారినే ఎందుకు నడవాలో ఓపికతో వివరించాడు. కొంతకాలానికి ఇద్దరూ కలుసుకొన్నారు. 1761లో ఆయన మరణించేవరకు ఆ స్నేహం నిలిచింది. ఆమె తన నవల ప్రతిలో పేజీల అంచుల పొడుగునా ఆక్షేపణలు రాసుకొంది. వాటి సరసనే రిచర్డ్‌సన్ రాసిన సమాధానాలు కూడా ఉన్న ఆ ప్రతి నేటికీ భద్రంగా ఉంది.

ఆ 18 లక్షల సంతకాలను పుస్తకం అంచున రాసిన అటువంటి ఆక్షేపణగా భావిస్తే తప్పులేదు. కథను తమ ఇష్టానికి మార్చమనడం శ్రోతల హక్కు కాదు. అందరి ఓట్లతో రాసిన కథలో డెనేరిస్ ఎన్నటికీ తప్పు చేయదు, జైమీ ఎన్నటికీ జారడు, నెడ్ స్టార్క్ తల నిలిచే ఉంటుంది. అప్పుడు అది ఎవరికీ అక్కరలేని కథ అవుతుంది. కాని ఎందుకు అని అడగడం శ్రోతల హక్కే. ఎనిమిదేళ్ళు వెంట నడిచినవారికి జవాబు చెప్పడం కథకుడి బాధ్యత. ఆ జవాబు వివరణలలో కాదు, కథలోనే ఉండాలి.

2022 ఆగస్టు 21న టార్గేరియన్ వంశపు పూర్వకథ 'హౌస్ ఆఫ్ ద డ్రాగన్' పేరుతో ప్రసారం ప్రారంభమైంది. ఇక ఆ సర్పాల ముఖం చూడబోమని మూడేళ్ళ క్రితం ఒట్టు పెట్టుకొన్నవారిలో ఎందరు మళ్ళీ వచ్చారో లెక్క లేదు. తొలిరోజున అమెరికాలోనే దాదాపు కోటిమంది చూశారని హెచ్‌బీఓ ప్రకటించింది. కోపం తీరి వచ్చారనుకోనక్కరలేదు. మనిషి రాక్షసత్వంలోకి ఎలా దిగుతాడో అడుగడుగునా ఎవరైనా చూపిస్తారేమోనన్న ఆశ వారిని మళ్ళీ తెరముందు కూర్చోబెట్టి ఉంటుంది. ఆ దారి తెలిసినవారు దానిమీద కాలు పెట్టకముందే ఆగిపోయే అవకాశం ఉంది. ఖలీసీ అని పేరున్న ఏ అమ్మాయి అయినా ఒకనాడు తన పేరుగల రాణి కథ అడిగితే, తల్లి ఏ పర్వం దగ్గరా ఆపకుండా చివరిదాకా చెప్పవచ్చు. అయితే గంటలు మోగిన ఆ క్షణం దగ్గర మాత్రం తెర చూపని ఆ మనసును ఆ తల్లే తన మాటలలో పూరించి చెప్పవలసి ఉంటుంది.